తొలి విస్తరి

మా ముత్తాత లక్ష్మీనరసింహ దొర రేగులవలస మొఖాసాకు మూడో తరం యజమాని. పన్నెండు గ్రామాల శిస్తు ఆయన కచేరీలోనే చెల్లేది. ఆయన గుర్రం మీద వస్తుంటే దారిన పోయేవాళ్లు చెప్పులు చేతపట్టుకుని పక్కకు తొలగేవారని ఊళ్లో ముసలివాళ్లు చెప్పేవారు. ఆ మాట మెచ్చుకుంటూ చెప్పేవారో మరోలా చెప్పేవారో చిన్నప్పుడు నాకు తెలియలేదు. ఆయన కుమారులు, మా తాతగారు జగ్గారాయ దొర, పట్నంలో నాగావళి గట్టుకు దగ్గరగా రెండంతస్తుల మేడ కట్టించారు. బర్మా టేకు స్తంభాలు, అద్దంలాంటి సున్నపు గచ్చు, కిటికీలకు రంగు గాజు పలకలు. గుమ్మం మీద నల్లరాతిలో ‘శ్రీ రేగులవలస జగ్గారాయ దొరవారి మేడ’ అని చెక్కించారు. మా నాన్నగారు సూర్యనారాయణ దొర ఆ మేడలోనే పుట్టారు. ఆయనకు పెళ్లయ్యేనాటికి అందులో కాలేజీ విద్యార్థులు ఉంటున్నారు. చదువుకునే పిల్లల కోసం తాతగారు ఆ మేడను దానం చేశారని మా ఇంట్లో అందరికీ తెలుసు. మొఖాసాలు రద్దయి, పొలాలు పోయి, ఊళ్లో ఇల్లు కూలిన తర్వాత కూడా, ఆ దానం ఒక్కటి చెప్పుకుని మేము ఎవరి ముందూ తల దించలేదు.

తాతగారి గురించి చెప్పుకోవలసింది ఇంకొకటి ఉంది. మా ఊరి పోలమ్మ పండగలో తొలి తాంబూలం ఎవరికి అన్న విషయం మీద జ్ఞాతులు తగువు తెస్తే, ఆయన జిల్లా కోర్టు దాటి మద్రాసు దాకా వెళ్లి ఏళ్ల తరబడి వ్యాజ్యం నడిపి గెలిచారు. ఆ గెలుపును నేను కళ్లారా చూశాను. పండగనాడు పూజారి ఇత్తడి పళ్లెంలో రెండు తమలపాకులు, ఒక వక్క, ఒక పసుపుకొమ్ము పెట్టుకుని, ఊరంతా చూస్తుండగా, మిగతా వాళ్లందరినీ దాటి మా తాతగారి దగ్గరకు వచ్చాడు. తాతగారు చేయి చాచారు. ఆ చేయి వణికింది. పెద్దతనం వల్ల వణికిందనుకున్నాను.

నేను ముప్పై ఏళ్లకు పైగా హైస్కూళ్లలో చరిత్ర పాఠాలు చెప్పి, ఇప్పుడు కొత్తవలసలో రైలు కట్టకు దగ్గర అద్దె వాటాలో ఉంటున్నాను. ఇనుపఖనిజం మోసే గూడ్సు బండి వెళ్లినప్పుడల్లా వంటింటి గట్టు మీద గిన్నెలు గలగలమంటాయి. భార్య పోయి నాలుగేళ్లయింది. వీధిలో అందరూ మాస్టారూ అంటారు, పలుకుతాను. లోపల మాత్రం నేనెప్పుడూ మేడ దానం చేసినవాళ్ల మనవణ్ణే.

మొన్న వేసవి ముందు ఒక ఉదయం ఎర్రయ్య ఫోను చేశాడు. భావనపాడు మత్స్యకారుల కుటుంబం వాడు, కాలేజీ రోజుల్లో ఆ మేడ హాస్టల్లో నా గదిలో ఉండేవాడు, మత్స్యశాఖలో పనిచేసి రిటైరయ్యాడు. నన్ను దొరబాబూ అని పిలిచేవాళ్లలో మిగిలింది వాడొక్కడే. మొదట్లో ఎగతాళికి పిలిచేవాడు, తర్వాత అలవాటైపోయింది.

“ఒరే దొరబాబూ, ఇన్నావేటి? మన హాస్టలు మూసేత్తన్నార్రా. పేపర్లో పడినాది.”

“ఎందుకు?”

“మల్లీ పైనోళ్లూ కిందోళ్లూ కొట్టుకున్నార్రట. తినీకాడ. ఒక గుంటడు మెట్ల మీంచి పడితే తుంటెముక ఇరిగిపోనాది. ఆల అమ్మా అయ్యా వొచ్చి గేటుకాడ కూకున్నారట. ఇంక మూసీడమే అని యూనివర్సిటీ వోళ్లు తేల్చీసినారు. పిల్లలందర్నీ వేరే హాస్టళ్లకి పంపీసి, మేడ పడగొట్టీస్తార్రట.”

నిజం చెప్పాలి. తుంటెముక విరిగిన పిల్లవాడు నాకు ఆ క్షణంలో తట్టలేదు. గుమ్మం మీది నల్లరాయి తట్టింది. ఆ రాయి పడిపోతే మేము దానం చేశామని చెప్పడానికి ఈ భూమ్మీద ఇంకేదీ మిగలదు. ఫోను పెట్టేసి కాగితాలు తీసుకుని వినతిపత్రం రాయడానికి కూర్చున్నాను. మా తాతగారు ఏ ఉద్దేశంతో దానం చేశారో ఆ ఉద్దేశమే ఇక లేనప్పుడు మేడను ఆయన వారసులకు తిరిగి ఇవ్వడం న్యాయమనీ, అది కుదరకపోతే పడగొట్టకుండా ఆయన పేరున గ్రంథాలయం పెట్టాలనీ కోరాను. ఆరుసార్లు రాశాను. ఏ ప్రతిలోనూ ‘ప్రార్థిస్తున్నాను’ అన్న మాట పడకుండా చూసుకున్నాను.

రాస్తున్నంతసేపూ ముక్కుకు హాస్టల్లో విస్తళ్లు కుట్టే తడి అడ్డాకు వాసన తగులుతూనే ఉంది.

నన్ను ఆ హాస్టల్లో చేర్చడానికి నాన్నగారు వచ్చారు. రేకు పెట్టె జట్కా నుంచి దింపించి, గుమ్మం ముందు నిలబడి, తల పైకెత్తి రాతి మీది అక్షరాలు చదువుకున్నారు. లోపలికి రమ్మని వార్డెను పిలిచినా కదలలేదు. “నువ్వు వెళ్లు” అని నాతో అని, కండువా సర్దుకుని, అదే జట్కాలో బస్సు స్టాండుకు వెళ్లిపోయారు. దాత తను ఇచ్చిన ఇంట్లోకి అతిథిగా అడుగుపెట్టకూడదని ఆయన పట్టుదల కాబోలు అనుకుని నేను ఎంతో గర్వపడ్డాను. తర్వాత మూడేళ్లలో ఎన్నోసార్లు వచ్చారు. ఎప్పుడూ గుమ్మం బయటే.

నాకు ఇచ్చిన గది పై అంతస్తులో తూర్పు మూల. ఒకప్పుడు అది మా నాయనమ్మ గది. గోడలో దీపం గూడు ఉండేది, దాని పైభాగమంతా ఏళ్లనాటి ఆముదపు మసి. అరచేత్తో తుడిస్తే నల్లగా, జిడ్డుగా అంటుకునేది. ఆమె పెట్టిన దీపం మసి నా చేతికి అంటుకుందని ఆ రోజంతా చేయి కడుక్కోలేదు. సాయంత్రానికి ఎర్రయ్య వచ్చి అందులో కొబ్బరినూనె సీసా, దువ్వెన పెట్టేశాడు. వాడి పెట్టె తెరవగానే ఎండు నెత్తళ్ల చేపల వాసన గదంతా కమ్మింది. నా ముఖం చూసి నవ్వాడు.

“కంపనుకుంటన్నావేటి? మాయమ్మ సర్దినాది. పడకపోతే కిటికీకాడ పడుకో. మీ నాయినమ్మ గదిలో గాలి బాగానే వస్తాది.”

ఆ వాసనను మొదటి నెల భరించాను, రెండో నెలలో మరిచిపోయాను. ఇప్పుడు కొత్తవలస సంతలో ఎండుచేపల వరస పక్కగా వెళ్లేటప్పుడు నా నడక దానంతటదే నెమ్మదిస్తుంది.

ఆ ఇంటికి ప్రాణం వంటసాల. వండేవాడు సింహాచలం. వాడి తండ్రి మా తాతగారి రోజుల్లో అదే పొయ్యి దగ్గర వండేవాడట. మేడ కాలేజీకి వెళ్లినప్పుడు గంగాళాలతో పాటు వంటవాడు కూడా వెళ్లాడు. సింహాచలం పొట్టిగా, గట్టిగా, భుజాన ఎప్పుడూ తడి తువ్వాలుతో ఉండేవాడు. తెల్లవారగానే పెరట్లో బావి పక్క తొట్టిలో అడ్డాకులు నానబెట్టేవాడు. కొండమీది ఆడవాళ్లు సంతరోజున ఆకుల మోపులు నెత్తిన పెట్టుకుని తెచ్చి వసారాలో దించేవారు. ఈనెపుల్లలతో ఆకులు కుట్టడం చూడాలంటే వాడి దగ్గరే చూడాలి. కళ్లు పొయ్యి మీదే ఉండేవి, వేళ్లు వాటి పని అవి చేసుకుపోయేవి. నానిన ఆ ఆకు మీద వేడి అన్నం పడినప్పుడు వచ్చే ఆవిరిలో అడవి వాసన ఉండేది. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, ఇంగువ వేసిన చారు, ఆదివారాల్లో నెత్తళ్లు వేసిన చింతపండు పులుసు. చారు కాగుతుంటే పై అంతస్తులో పుస్తకం మీద మనసు నిలిచేది కాదు. వంటయ్యాక గరిటెతో ఇత్తడి పళ్లెం మీద మూడుసార్లు కొట్టేవాడు. మూడో దెబ్బ పడేసరికి సావిడి గుమ్మంలో నలభై జతల కాళ్లు.

భోజనాల సావిడి పొడుగ్గా ఉండేది. తూర్పు స్తంభం దగ్గర నుంచి ఒకటే వరసగా పనసచెక్క పీటలు వేసేవారు. మొదటి పీట మిగతా వాటికంటే వెడల్పు, నాలుగు మూలలా ఇత్తడి పువ్వులు కొట్టి ఉండేవి. అది మా తాతగారు కూర్చున్న పీట. నేను చేరిన మొదటి రోజు సింహాచలం అందరి ముందూ వచ్చి, తడి తువ్వాలుతో ఆ పీట తుడిచాడు.

“బాబూ, మీరిక్కడ కూకోండి. తొలి ఇస్తరి మీది.”

నేను కూర్చున్నాను. కాస్త మొహమాటపడి ఉండవలసింది, పడలేదు. ఎప్పటి నుంచో నా కోసమే ఖాళీగా ఉన్న చోట్లో కూర్చున్నట్టే కూర్చున్నాను.

ఆ రోజు నుంచి అది నియమమైంది. ముందు తొలి విస్తరిలో వడ్డించేవాడు, తర్వాత మిగతా వాటిలో. తొలి విస్తరిలో చేయి పడేదాకా ఎవరూ ముద్ద ఎత్తేవారు కాదు. ఎవరూ రాసిపెట్టలేదు, సింహాచలం చూపు చాలు. నేను మెట్లు నిదానంగా దిగేవాణ్ణి. బావి దగ్గర కాళ్లు కడుక్కుని, తుడుచుకుని, పంచె సర్దుకుని వచ్చేవాణ్ణి. అప్పటికి వరసంతా కూర్చుని, ఆవిరి లేస్తున్న అన్నం ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని ఉండేది. నలభై మంది ఆకలితో నా కోసం ఆగేవారు. ఇప్పుడు నేను స్టీలు కంచంలో అన్నం పెట్టుకుని, టీవీ పెట్టకుండా, ఒక్కణ్ణే తింటాను. నా కోసం ఆగేవాళ్లు లేరు, నేను ఆగవలసినవాళ్లూ లేరు. సిగ్గుతోనే రాస్తున్నాను, ఆ నలభై మంది ఆగిన నిశ్శబ్దం ఈ వయసులో కూడా నాకు కావాలనిపిస్తుంది.

రెండో ఏడు వానాకాలంలో సముద్రంలో వాయుగుండం పట్టింది. భావనపాడు నుంచి వేటకు వెళ్లిన పడవలు కొన్ని తిరిగి రాలేదని కబురు వస్తే ఎర్రయ్య కట్టుబట్టలతో ఊరికి వెళ్లాడు. వాళ్ల నాన్న పడవ మూడో రోజున ఒడ్డు చేరింది. వాడు ఆ మధ్యాహ్నమే తడిసిన బట్టలతో బస్సు దిగి, తిన్నగా సావిడిలోకి వచ్చాడు. అప్పటికి సింహాచలం ఒక్క తొలి విస్తరిలోనే వడ్డించి, మిగతా వరసకు అన్నం గంప తేవడానికి వంటసాలలోకి వెళ్లాడు. ఎర్రయ్య ఆ పీట మీద కూలబడి అన్నం కలుపుకున్నాడు. నేను కాళ్లు కడుక్కుని వచ్చేసరికి రెండో ముద్ద వాడి నోట్లో ఉంది.

“లేవరా” అన్నాను.

“రెండ్రోజులైనాదిరా తిని. అయ్య వొచ్చీసినాడు. తినీసి లేస్తానుండు.”

“నీ చోటు అది కాదు. లే.”

“ఏటిరా, ఆకు మీద నీ పేరు రాసున్నాదేటి? పక్కన కూకో, ఇంకో ఆకు ఏస్తాడు.”

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు నా చెవిలో పడింది. వంగి, ఆకు అంచు పట్టుకుని లాగేశాను. అన్నం గచ్చు మీద పడింది. ఎర్రయ్య చేయి కలిపిన అన్నం మీద ఉన్నది ఉన్నట్టే, ఆకు లేకుండా, నేల మీద మిగిలింది. వాడు నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదని ఎన్నోసార్లు అనుకున్నాను. సింహాచలం వచ్చి, ఎవరివైపూ చూడకుండా మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్క మెతుకూ ఏరి తువ్వాలులో వేసుకున్నాడు. తర్వాత ఎర్రయ్య భుజం పట్టుకుని వంటసాలలోకి తీసుకెళ్లాడు. నాకు కొత్త ఆకు వేసి వడ్డించాడు. నేను తిన్నాను.

మర్నాడు మూడో దెబ్బ పడ్డాక దిగి వచ్చేసరికి తూర్పు వరసలో సగం పీటలు ఖాళీ. కింది అంతస్తు వాళ్లందరూ పడమటి గోడ పక్కన చాపలు వేసుకుని కూర్చున్నారు. మధ్యలో ఎర్రయ్య. నేను ముట్టుకోకముందే తింటున్నారు. పై అంతస్తులో ఉన్నవాళ్లు ఎక్కువమంది కాస్త కలిగిన ఇళ్ల పిల్లలు. వాళ్లు నా వైపు నిలబడ్డారు. గొడవ పెరగకుండా ఉందని వార్డెను సంతోషించి, అలాగే ఉండనివ్వమన్నాడు. ఎర్రయ్య తన పెట్టె కిందికి మార్చుకున్నాడు. దీపం గూడు ఖాళీ అయింది. నాయనమ్మ గది మళ్లీ శుభ్రంగా అయిందని నాకు నేను చెప్పుకున్నాను. గది వాసన మారిపోయి రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

నాలుగు నెలలు మాట్లాడుకోలేదు. పరీక్షల ముందు నాకు ఆటలమ్మ పోసింది. పై అంతస్తు ఖాళీ అయిపోయింది. నా వైపు నిలబడ్డవాళ్లలో ఒక్కడు కూడా గది ఛాయలకు రాలేదు. మూడో రోజు పొద్దున తలుపు తెరుచుకుంది. ఎర్రయ్య ఒక చంకలో వేపకొమ్మలు, ఒక చేతిలో చోడి అంబలి గిన్నె, రెండో చంకలో ఇత్తడి పువ్వుల పీట పట్టుకుని నిలబడ్డాడు.

“నాకు సిన్నప్పుడే పోసినాది, నాకేటి భయం” అని, పీట మంచం పక్కన పెట్టి, దాని మీద గిన్నె పెట్టాడు. “ఇదిగో, నీ పీట నీకే. తాగు.”

తాగాను. క్షమించమని అడగాలనుకున్నాను. మా ఇంట్లో ఆ మాట అనడం ఎవరూ నేర్పలేదు. వాడే అన్నాడు, “లేసినాక ఒక్కరోజు మా వరసకి వొచ్చి తిను. సాలు.” రేపు వస్తానన్నాను. కోలుకున్నాను, మళ్లీ స్నేహితులమయ్యాం, ఏటి గట్టు మీద కలిసి తిరిగాం, కలిసి చదివాం. మూడో ఏడు కూడా గడిచింది. మూడో దెబ్బ పడగానే వాడు పడమటికి, నేను తూర్పుకు. ఆ రేపు రాలేదు.

ఎర్రయ్య ఫోను చేసిన కొన్నాళ్లకు, హాస్టలు ఖాళీ చేసే రోజున ఇస్త్రీ పంచె, కండువా వేసుకుని వినతిపత్రం జేబులో పెట్టుకుని వెళ్లాను. ఎర్రయ్య గేటు దగ్గర జీడిపిక్కల పొట్లం పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఇద్దరం లోపలికి నడిచాం. టేకు స్తంభాలకు నీలం రంగు పూసేశారు. రంగు గాజుల చోట అట్టముక్కలు. పైకప్పు పెచ్చులు ఊడి ఇనుప బద్దలు కనిపిస్తున్నాయి. మెట్లకు అడ్డంగా ఇనుప గేటు, దానికి తాళం వేసే గొలుసు. వసారాలో నీళ్ల డ్రమ్ములు రెండు, ఒకదాని మీద ‘పైన’, ఇంకోదాని మీద ‘కింద’ అని ఎర్రరంగుతో రాసి ఉంది. పిల్లలు పెట్టెలు వ్యానుల్లోకి ఎక్కిస్తున్నారు. పైవాళ్లకు ఒక వ్యాను, కిందివాళ్లకు ఒకటి.

పరుపు మోసుకుపోతున్న ఒక కుర్రవాణ్ణి ఆపి అడిగాను. “మీకు వాళ్లతో గొడవేమిటి బాబూ?”

“ఏటో తెలీదండి. మేం జాయినయ్యేటప్పటికే ఉన్నాది. కిందోళ్ల వరసలో కూకుని తినొద్దని సీనియర్లు సెప్పినారు. కూకోలేదు.” పరుపు భుజం మార్చుకున్నాడు. “మొన్న ఒకడు మా వరసలో కూకున్నాడండి. లెగమన్నాం. అంతే.”

ఎర్రయ్య నా వైపు చూడలేదు, గొలుసు వైపు చూస్తూ నిలబడ్డాడు. నేను ఆఫీసు గదిలోకి వెళ్లాను.

హాస్టలు మూసే పని చూస్తున్న అసిస్టెంటు రిజిస్ట్రారు నడివయసు ఆవిడ. వినతిపత్రం మొదటి నుంచి చివరి దాకా చదివింది. తొందరపడలేదు. తర్వాత బీరువా తెరిపించి ఒక పాత ఫైలు తెప్పించింది.

“కూర్చోండి మాస్టారూ. కొంచెం మంచినీళ్లు తాగండి. దానం అన్న మాట మా రికార్డులో ఎక్కడా లేదండి. యూనివర్సిటీ చేతికి రాకముందు, అప్పటి కాలేజీ కమిటీ కొన్నది.”

“పొరపాటు పడుతున్నారు. గుమ్మం మీద రాయి ఉంది.”

“రాయి మీద ఆయన పేరు ఉందండి. ఇల్లు కట్టినప్పటిది. దానం అని లేదు. ఏళ్లుగా ఆ గుమ్మంలోంచే తిరుగుతున్నాను.”

దస్తావేజు నా ముందు పెట్టింది. స్టాంపు కాగితం గోధుమరంగుకు తిరిగింది. ‘మద్రాసు కోర్టులో నడుచుచున్న తాంబూలపు వ్యాజ్యము ఖర్చుల నిమిత్తము’ అన్న వాక్యం కింద మా తాతగారి సంతకం. మా ఇంట్లో ఉన్న ఆయన ఉత్తరాల మీద ఎన్నోసార్లు చూసిన సంతకమే. చివరి అక్షరం తోకను పొడుగ్గా లాగి కింద గీతగా తిప్పడం ఆయన అలవాటు. ఇక్కడా అలాగే తిప్పారు. చేయి వణికిన జాడ లేదు. రెండు తమలపాకులు, ఒక వక్క, ఒక పసుపుకొమ్ము. పళ్లెం ముందు వణికిన చేయి నాకు కనిపించింది. గుమ్మం బయట కండువా సర్దుకుంటున్న నాన్నగారు కనిపించారు.

వినతిపత్రం వెనక్కి అడిగి జేబులో పెట్టుకున్నాను. వసారాలోకి వచ్చి అరుగు మీద కూర్చున్నాను. ఎర్రయ్య పక్కన కూర్చుని జీడిపిక్కల పొట్లం విప్పి నా వైపు జరిపాడు. నా ముఖం చూసి ఏమీ అడగలేదు. అడగకపోవడం వల్లే నాకు అనుమానం వచ్చింది.

“నీకు తెలుసా, ఎర్రయ్యా?”

“తెలుసురా.”

“ఎప్పటి నుంచి?”

“నువ్వు ఆకు లాగీసిన దినం నుంచి. వంటసాలలో నన్ను కూకోబెట్టి సింహాచలం అన్నం ఎట్టినాడు గదా. నాను తింతుంటే సెప్పినాడు. ‘ఈ మేడ ఆలది కాదు నాయినా. అమ్మీసినారు. మా అయ్య సూస్తుండగా సంతకం ఎట్టినారు. ఆ గుంటడికి తెల్దు. ఇల్లు ఎలాగూ పోనాది, ఆకైనా ఉండనీ అని నానే ఏస్తన్నాను. నువ్వు సెప్పకు’ అన్నాడు.”

“మరి నాలుగు నెలలు మాటల్లేకుండా ఉన్నాం. అప్పుడైనా...”

“నాకు కోపం నేదనుకున్నావేటి? రోజూ నోటికాడికి వొచ్చీది. పడమటి గోడకాడ కూకొని నిన్నే సూసీవోణ్ణి. మేడ అమ్ముకున్నోడి మనవడివి నీకేటిరా తొలి ఆకు అని ఒక్క మాట అంటే, నువ్వా పీట మీంచి లేసిపోయి మరి రావు. ఊరికే పోదువు, సదువు ఒగ్గీదువు. నీ సంగతి నాకు తెల్దేటి?” ఒక పిక్క నోట్లో వేసుకున్నాడు. “అన్నం ఎట్టి మరీ సెప్పొద్దన్నాడు. తినీసినాను. ఇంకెలా సెప్తాను?”

మూడేళ్లు నేను అనుభవించిన హక్కు ఒక వంటవాడి మర్యాద. దాన్ని నా చేతుల్లో ఉండనిచ్చింది, నేను ఎవరి విస్తరి లాగేశానో వాడు.

లోపల స్టీలు పళ్లేల చప్పుడు మొదలైంది. ఆ రోజు ఆఖరి భోజనం. రిజిస్ట్రారు మేడమ్ మమ్మల్ని కూడా తినివెళ్లమంది. సావిడిలో ఇప్పుడు పీటలు లేవు. రెండు వరసల బల్లలు, తూర్పు గోడకు ఒకటి, పడమటి గోడకు ఒకటి, మధ్యలో మనిషి పట్టేంత దారి. తూర్పు స్తంభం దగ్గర నా కాళ్లు పాత అలవాటు కొద్దీ ఆగాయి. ఎర్రయ్య అప్పటికే పడమటి బల్ల దగ్గరికి చేరి కుర్చీ లాగుతున్నాడు.

“దొరబాబూ, బేగి రా. అన్నం సల్లారిపోతాది.”

వెళ్లాను. కూర్చునే ముందు, ఎందుకో, నిలబడే మాట్లాడాను. తరగతి గదిలో మాట్లాడినట్టే గొంతు వచ్చింది. ఇక్కడ ఒకప్పుడు ఒకటే వరస ఉండేదనీ, తొలి విస్తరి నాదని పట్టుబట్టి, తింటున్న ఈ మనిషి ముందు నుంచి ఆకు లాగేసింది నేనేననీ, రెండు వరసలు ఆ మర్నాడు మొదలయ్యాయనీ చెప్పాను. తూర్పు బల్ల నుంచి ఒకడు అడిగాడు.

“ఆకు కోసమా అండి?”

“ఆకు కోసమే.”

“మా సీనియర్లు ఎవరో అమ్మాయి కోసం అన్నారండి!”

పడమటి బల్ల నుంచి ఇంకొకడు అందుకున్నాడు. “మాకూ అలాగే సెప్పినారు! ఆయమ్మ పేరు కూడా సెప్పినార్రా!”

“మా రోజుల్లో ఇక్కడికి అమ్మాయొచ్చే బాగ్గెం కూడానా” అన్నాడు ఎర్రయ్య. నవ్వు రెండు బల్లల నుంచీ ఒకేసారి లేచింది. కాసేపటికి ఆగింది. తిన్నారు, పళ్లేలు కడిగారు, ఎవరి వ్యాను వాళ్లు ఎక్కారు. తుంటెముక విరిగిన పిల్లవాడి పెట్టె ఒక్కటి వసారాలో మిగిలింది. దాని మీద పేరు, ఊరు సున్నంతో రాసి ఉన్నాయి. వాళ్ల వాళ్లు వచ్చి తీసుకెళ్తారట. పరామర్శకు వెళ్దామని ఎర్రయ్యే అన్నాడు. ఆ ఊరి పేరు కాగితం మీద రాసుకున్నాను.

వచ్చేటప్పుడు మేడమ్ గుమ్మం దాకా వచ్చి, కావాలంటే రాయి జాగ్రత్తగా తీయించి ఇస్తామంది. ఉండనివ్వమన్నాను. కొన్న ఇంటితో పాటు వచ్చిన రాయి అది. దస్తావేజు నకలు మాత్రం అడిగి తెచ్చుకున్నాను.

కొత్తవలసలో మర్నాటి పొద్దుటి వెలుగులో దాన్ని పూర్తిగా చదివాను. ఆఖరి పేజీలో మేడతో పాటు ఇచ్చేసిన వస్తువుల జాబితా ఉంది. పెరటి బావి గిలక, వంటసాలలోని ఇత్తడి గంగాళాలు రెండు, దీపపు సెమ్మెలు నాలుగు, భోజనాల సావిడిలోని పనసచెక్క పీటలు నలభై. మూలల్లో ఇత్తడి పువ్వులు కొట్టిన పీటను వేరే వరసలో, విడిగా రాశారు. అది కూడా అమ్మారు.